సవేరియా మోసిన గిన్నె

సవేరియాకి కోపం వస్తే దాచుకోవడం చేతకాదు, మర్చిపోవడం అంతకన్నా చేతకాదు. నేపుల్స్ పక్కనున్న కసెర్తాలో ఆమె ఉండే మేడలో ఈ సంగతి అందరికీ తెలుసు. కింది కొట్టువాడు ఒకసారి మెత్తబడ్డ టొమాటోలు అంటగట్టాడని, మోకాళ్ళ నొప్పులతోనే రెండు వీధులు దాటి వెళ్ళి టొమాటోలు కొనుక్కొచ్చుకుంటుంది. వాడు ఎదురుపడి దండం పెట్టినా ముఖం తిప్పేసుకుంటుంది. స్కూలు వంటింట్లో ఏళ్ళ తరబడి వందమంది పిల్లలకి వండి, నడుం అరగదీసుకుని రిటైరైన మనిషి. భర్త అత్తిలియో పోయాడు. ఒక్క కూతురు లొరెదానా, పెళ్ళయి బొలోన్యాలో ఉంటుంది.

అలాంటి మనిషి సొంత అక్కతో పదకొండేళ్ళుగా మాట్లాడటం లేదంటే ఎవరూ వింతగా చూడలేదు. అయితే ఆ కోపానికి కారణం టొమాటోల్లాంటిది కాదు.

మా దక్షిణాది ఊళ్ళలో చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించరు. ఆ ఇంటి ఆడది గరిటె ముట్టుకోదు. సమాధి చేసి ఇంటికొచ్చిన పూట నుంచి బంధువులో ఇరుగుపొరుగులో తమ ఇళ్ళల్లో వండి, గిన్నెని గుడ్డలో మూటకట్టి తెచ్చి, దగ్గర కూర్చుని తినిపించి వెళ్తారు. దీన్ని కొన్సోలో అంటారు. ఎవరు ఏ పూట తేవాలో ముందే మాట్లాడుకుంటారు. కొట్టులో కొన్న తిండి పనికిరాదు, తెచ్చినవాళ్ళ పొయ్యి మీద ఉడికిందే కావాలి. ఇక ఖాళీ చేతులతో ఆ గుమ్మం తొక్కడమంటే, రాకపోవడం కన్నా తప్పు.

అత్తిలియో పోయినప్పుడు మొదటి పూట అతని అన్నదమ్ములు తెచ్చారు. రెండో రోజు పూట తనదని, ఇంకెవరూ తేవద్దని అక్క ఫొర్తునాత సముద్రం ఒడ్డున ఉన్న తన ఊరు సాన్ ప్లాచిదో నుంచి కబురు పెట్టింది. అక్క మాట మీద మిగతావాళ్ళందరూ ఆగిపోయారు. సవేరియా బల్ల మీద గుడ్డ పరిచి, పళ్ళేలు పెట్టి, చీకటి పడేదాకా కూర్చుంది. అక్క రాలేదు. బాగా పొద్దుపోయాక ఫోన్ మోగింది. అవతల అక్క ఏడుపు గొంతుతో "సవే, రైల్లో..." అంది. ఊళ్ళో ప్రతివాడూ ఎగ్గొట్టిన ప్రతి పనికీ రైలునే అడ్డం పెట్టుకుంటాడు. "రైలు మీద పెట్టకు," అని సవేరియా ఠక్కున ఫోన్ పెట్టేసింది.

ఆ పూట కూతురు ఆకలంటే, భర్తని మట్టిలో పెట్టి ఒక్కరోజు గడిచిందో లేదో, తన పొయ్యి తనే వెలిగించి రెండు గుడ్లు వేయించింది. ఆ అవమానం ఆమె కడుపులో అలాగే ఉండిపోయింది. తర్వాత అక్క ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. క్రిస్మస్‌కి అంజూరపు పళ్ళ పొట్లం పంపితే విప్పకుండా తిప్పి పంపింది. తల్లి ఇద్దరు కూతుళ్ళకీ పెళ్ళిలో చెరో అల్యూమినియం గిన్నె ఇచ్చినట్టే కోపాన్ని కూడా సమంగా పంచి ఇచ్చింది. కాబట్టి అక్క కూడా కొన్నాళ్ళకి మానేసింది.

మొన్న జూన్‌లో ఒకరోజు మధ్యాహ్నం లొరెదానా ఫోన్ చేసి, పెద్దమ్మ ఫొర్తునాత భర్త, పెదనాన్న నికొదేమో పోయాడని, రేపు సాయంత్రం సమాధి అని చెప్పింది. సవేరియా శిలువ గుర్తు వేసుకుని, మంచివాడు, దేవుడు చల్లగా చూడాలి అంది. వెళ్తాననలేదు. కూతురు కూడా రెట్టించలేదు.

ఫోన్ పెట్టేశాక మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయింది. అక్కకి పిల్లల్లేరు. నికొదేమోకి ఉన్న ఒక్క చెల్లెలూ జర్మనీలో మంచాన పడి ఉంది. ఎదురింటివాళ్ళతో అక్కకి వాననీటి తూము గురించి తగువు, పక్కింటివాళ్ళతో పిల్లి గురించి తగువు. సమాధికి అందరూ వస్తారు, భుజం తడతారు, భోజనాల వేళకి ఎవరింటికి వాళ్ళు పోతారు. ఫొర్తునాత ఒక్కత్తీ ఇంటికొచ్చి తన పొయ్యి తనే వెలిగించుకుంటుంది. సరిగ్గా ఇదే జరగాలని సవేరియా పదకొండేళ్ళు కోరుకుంది. తీరా జరగబోతుంటే గుండెలో కలుక్కుమంది. కాసేపు తనని తనే తిట్టుకుని, సంచీ పట్టుకుని కోడిని కొనడానికి కిందికి దిగింది.

మర్నాడు రైళ్ళ సమ్మె. ఆ ముక్క టీవీలో చెప్పారు. సమ్మె రోజున కూడా పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని రైళ్ళు తప్పకుండా నడుస్తాయంటారు. ఆ తప్పకుండా అనే మాటకి మా దగ్గర ఎంత విలువో సవేరియాకి తెలియనిది కాదు. అయినా పొద్దున్నే నేపుల్స్‌లో పావొలా దాకా వెళ్ళే బండి అందుకుంటే, అక్కడ మారి సాయంత్రం భోజనాల వేళకి ముందే చేరొచ్చని లెక్క వేసుకుంది. కోడి సూపు, అందులో గోళీలంత మాంసం ఉండలు, పైన తురిమిన చీజ్ విడిగా డబ్బాలో. తల్లి ఇచ్చిన రెండు చెవుల గిన్నెలోనే వండి, మూత మీద పళ్ళెం బోర్లించి, తువ్వాలుతో నాలుగు మూలలూ కలిపి గట్టిగా ముడి వేసింది.

నేపుల్స్ స్టేషన్‌లో దిగేసరికి ఆమె ఎక్కాల్సిన బండి బోర్డు మీద లేదు. టికెట్ల కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని అడిగితే ఆ బండి ఈ పూట లేదన్నాడు. తప్పకుండా నడుస్తుందన్నారుగా అంటే, నడిచేది వేరేది, అది వెళ్ళిపోయింది అన్నాడు. మరి తర్వాతది ఎప్పుడంటే భుజాలు ఎగరేశాడు. సవేరియా అతన్ని తిడదామనుకుంది కానీ వెనక క్యూలో ఉన్నవాళ్ళు అప్పటికే ఆ పని మొదలుపెట్టారు. స్తంభానికి చేరగిలబడి, గిన్నెని రెండు పాదాల మధ్య పెట్టుకుని నిలబడింది. బెంచీలన్నీ నిండిపోయాయి. మంచినీళ్ళకి వెళ్దామంటే గిన్నె ఎవరికి అప్పజెప్పాలో తెలియలేదు. మధ్యాహ్నం దాకా ఆ స్తంభమే దిక్కయింది.

చివరికి సలెర్నో వెళ్ళే బండి ఒకటి కదులుతోందంటే జనం తోసుకుంటూ ఎక్కారు. ఆమె గిన్నెని కడుపుకి అదుముకుని తలుపు దగ్గరే నిలబడింది. సలెర్నోలో మళ్ళీ దిగి, మళ్ళీ ఆగి, పావొలా వైపు వెళ్ళే ఇంకో బండి ఎక్కింది. అందులో మాత్రం సీటు దొరికింది. దొరికింది అనడం కంటే తొమ్మాసో అనే మనిషి లేచి ఇచ్చాడనడం న్యాయం.

తొమ్మాసో బాత్‌రూమ్ టైల్స్ అమ్మే ఏజెంటు. నమూనా టైల్స్ నిండిన చక్రాల పెట్టెతో ఊరూరా తిరుగుతాడు. నోరు మూతపడే రకం కాదు. సమ్మె చేసేవాళ్ళని, చేయించేవాళ్ళని, ప్రభుత్వాన్ని, తన నడుం నొప్పిని వరసగా తిట్టి, చివరికి ఆ మూట ఏమిటని అడిగాడు. సవేరియా చెప్పింది. అంతే, అతను టోపీ తీసేశాడు.

"మా అమ్మ పోయినప్పుడు మా అత్తగారు చేపలు తెచ్చింది పిన్నీ," అన్నాడు. "నాకు చేపలు పడవు. అయినా తిన్నాను. అవి తింటేనే ఏడుపు ఆగింది."

ఆ మాటకి సవేరియా ప్రాణం కాస్త కుదుటపడింది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తూ, సొరంగాల్లో మాయమవుతూ ఉంది. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. తువ్వాలు మీద చెయ్యి ఆన్చి చూసుకుంది. గిన్నె ఎప్పుడో చల్లారిపోయింది. ఈ ఎండకి పులిసిపోతుందేమోనని దిగులు పుట్టి, ముడి కొంచెం వదులు చేసి వాసన చూసింది. బాగానే ఉంది. ముడి మళ్ళీ బిగించింది కానీ, చేతులు అలిసిపోయి ఉన్నాయి, పొద్దున బిగించినంత గట్టిగా బిగియలేదు.

సాప్రిలో బండి చాలాసేపు ఆగింది. డ్రైవరు డ్యూటీ అయిపోయిందట, ఇక కదలదట. పావొలా బండి మూడో ప్లాట్‌ఫాం మీదకి వస్తుందని మైకులో చెప్పారు. జనమంతా అక్కడికి చేరి నిలబడ్డాక, బండి కనిపించే ముందర, మూడు కాదు ఒకటి అని చెప్పారు. ఇక చూడాలి. పెట్టెలు, పిల్లలు, బీచి గొడుగులు, అందరూ ఒక్కసారిగా సబ్‌వే మెట్ల మీద పడ్డారు. సవేరియా రెండు చేతులా మూట పట్టుకుని, మెట్టు కనపడక పాదంతో తడుముకుంటూ దిగుతోంది. వెనకే తొమ్మాసో, జాగ్రత్త పిన్నీ జాగ్రత్త అంటూ దిగుతున్నాడు. అతన్ని ఎవరో వెనకనుంచి నెట్టారు. అతని చేతిలోంచి టైల్స్ పెట్టె జారి, మెట్ల మీద ఎగురుకుంటూ వచ్చి ఆమె మోచేతిని కొట్టింది.

గిన్నె కిందపడ్డ చప్పుడు సబ్‌వే అంతా మోగింది. ముడి విడిపోయింది. మూత ఒకవైపు, పళ్ళెం ఒకవైపు పోయాయి. సూపు మెట్టు మీంచి మెట్టు మీదకి జారుతూ వెళ్ళింది. మాంసం ఉండలు జనం కాళ్ళ మధ్య దొర్లాయి. కొందరు తప్పుకుని దాటారు, కొందరు తొక్కుకుంటూ పోయారు. పైన పావొలా బండి వచ్చిన చప్పుడు, వెళ్ళిపోయిన చప్పుడు రెండూ వినపడ్డాయి.

సవేరియా మెట్టు మీద కూలబడింది. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి, అది ఆమెలో లేదు. తొమ్మాసో తన బండి కూడా పోగొట్టుకుని ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చేతి రుమాలుతో మాంసం ఉండలు ఏరుతున్నాడు. వాటినేం చేసుకోవాలో తెలియక ఏరినవన్నీ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"స్టేషన్ బయట కాల్చిన కోళ్ళు అమ్ముతారు పిన్నీ. నేను..." అని మొదలుపెట్టాడు.

"కొన్న కోడిని చావింటికి పట్టుకెళ్ళనా?"

అతను తల దించుకున్నాడు. అతనూ ఈ ప్రాంతంవాడే. ఇంటికి పోయి మళ్ళీ వండుకుని రేపో ఎల్లుండో రమ్మన్నాడు. అది తెలివితక్కువ సలహా కాదు. మాలో ఎవరైనా అదే చెబుతాం, అదే చేస్తాం. పైన రెండో ప్లాట్‌ఫాం మీద నేపుల్స్ బండి ఖాళీగా నిలబడి ఉంది. పొద్దుటినుంచి వాళ్ళు చూసిన మొదటి ఖాళీ బండి అదే.

సవేరియా కుళాయి దగ్గర గిన్నె కడుక్కుంది. అడుగున పక్కగా పెద్ద సొట్ట పడింది. బొటనవేలితో లోపలినుంచి నొక్కి చూసింది, పోలేదు. చీజ్ డబ్బా కూడా ఎక్కడ పడిందో కనపడలేదు. తువ్వాలు పిండి గిన్నెలో పెట్టుకుని నేపుల్స్ బండి ఎక్కి కూర్చుంది. తొమ్మాసో కిటికీ బయట నిలబడి వంద క్షమాపణలు చెప్పాడు. ఆమె చెయ్యి ఊపి ఫరవాలేదంది. వెళ్ళకపోతే అక్క ఏమనుకుంటుంది? ఏమీ అనుకోదు. చెల్లెలు బయల్దేరిన సంగతే ఆమెకి తెలియదు కదా. ఇంటికి వెళ్ళి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని పడుకోవచ్చు. కళ్ళు మూతలు పడ్డాయి.

మూసుకున్న కళ్ళకి తన వంటిల్లు కనిపించింది. పదకొండేళ్ళ కిందటిది. బల్ల మీద గుడ్డ, పళ్ళేలు, చీకటి పడుతున్న కిటికీ. ఆ రోజు తను ఎదురుచూసింది సూపు కోసమని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది. నిజానికి ఆ సాయంత్రం తనకి ఆకలే లేదు. తలుపు తోసుకుని అక్క లోపలికొచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంటే చాలనుకుంది. గిన్నెతో వచ్చినా, గిన్నె లేకుండా వచ్చినా. ఈ మాట ఆమె తనతో తనే ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే కోపానికి నిలబడే చోటుండదు.

గార్డు విజిల్ వేశాడు. సవేరియా గిన్నె పట్టుకుని, మూసుకుంటున్న తలుపులోంచి దాదాపు దూకినంత పని చేసింది. తొమ్మాసో ఇంకా ప్లాట్‌ఫాం మీదే ఉన్నాడు. ఆమెని చూసి, ఖాళీ గిన్నెని చూసి, టైల్స్ పెట్టెని తన అవతలి పక్కకి జరిపాడు. ఆ తర్వాత వచ్చిన బండిలో ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు పావొలా దాకా వెళ్ళారు. జీవితంలో మొదటిసారి కాబోలు, అతను దారంతా మాట్లాడలేదు.

అక్కడ ఇంకో బండి మారి, సాన్ ప్లాచిదోలో ఆమె ఒక్కతే దిగింది. సముద్రం మీద ఇంకా కాస్త వెలుతురు ఉంది. ఒడ్డున బార్‌లో జనం ఐస్‌క్రీమ్ తింటున్నారు. నికొదేమో చావు కబురు నల్ల అంచు కాగితం మీద అచ్చయి, స్టేషన్ గోడ మీద, చర్చి గోడ మీద, చేపల కొట్టు గోడ మీద అంటించి ఉంది. కింద దుఃఖిస్తున్నవారి పేర్లలో భార్య ఫొర్తునాత అని ఒక్క పేరే. సవేరియా ఆ పేరు దగ్గర ఆగి ఊపిరి తీసుకుని, మెట్ల సందు ఎక్కింది. ప్రతి మలుపులోనూ ఆగింది. ఖాళీ గిన్నె సూపు ఉన్నప్పటికన్నా బరువుగా అనిపించింది. ఎవరైనా చూస్తారేమోనని దాన్ని శాలువా చాటున దాచుకునేదే, కానీ జూన్ ఎండకి శాలువా తెచ్చుకోలేదు.

ఇంటి తలుపు చావింటి పద్ధతిలో ఓరగా తీసి ఉంది. ముందుగదిలో గోడవారగా వరసగా కుర్చీలు, అన్నీ ఖాళీ. వంటింట్లో నల్లబట్టల్లో ఫొర్తునాత బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎంత చిన్నదైపోయిందో అనుకుంది సవేరియా. బల్ల మీద అగ్గిపెట్టె ఉంది. పొయ్యి ఇంకా వెలిగించలేదు. ఏ క్షణాన్నైనా లేచి వెలిగించేలా ఉంది.

ఫొర్తునాత తలెత్తి చెల్లెల్ని చూసింది. లేవలేదు. సవేరియా గిన్నెని బల్ల మీద పెట్టింది. అక్క చెయ్యి చాపి గిన్నెని దగ్గరికి లాక్కుంది, లోపలికి చూసింది, తడి తువ్వాలు తీసి పక్కన పెట్టింది. తర్వాత గిన్నె పక్కకి వంచి సొట్ట మీద వేలు పెట్టి తడిమింది.

"ఏ స్టేషన్లో?" అంది.

"సాప్రిలో. సబ్‌వే మెట్ల మీద. నీకెలా తెలుసు?"

"నాది నేపుల్స్‌లో. ఎస్కలేటర్ మీద."

సవేరియా కుర్చీ లాక్కుని కూర్చుంది. అక్క చెప్పుకుపోయింది. ఆ రోజు పొద్దున్నే బయల్దేరింది. బీన్స్ సూపు, అత్తిలియోకి ఇష్టమని. నేపుల్స్‌లో ఎవడో కుర్రాడు పరిగెడుతూ తగిలి గిన్నె ఎగిరిపోయింది. గిన్నె కడుక్కుని కసెర్తా బండి ముందు నిలబడి ఒక బండి వదిలేసింది, రెండో బండి వదిలేసింది. ఎక్కడానికి కాలు రాలేదు. వెనక్కి వచ్చేసింది. ఇంటికొచ్చాక ఫోన్ చేసి, రైల్లోంచి దిగి మెట్లెక్కుతుంటే అని చెప్పబోయింది.

"నువ్వు రైల్లో అనేదాకానే విన్నావు," అంది ఫొర్తునాత.

"నేపుల్స్ నుంచి మా ఇంటికి గంట కూడా పట్టదే అక్కా."

"తెలుసు. ఖాళీ గిన్నెతో చావింటికి ఎవరొస్తారే?"

ఇద్దరి మధ్యా బల్ల మీద ఖాళీ గిన్నె ఉంది. ఫొర్తునాత దాన్నే చూస్తూ ఉండి, ఉన్నట్టుండి ముఖం రెండు చేతుల్లో కప్పుకుని పెద్దగా ఏడ్చింది. నికొదేమో కోసం అంతసేపటినుంచీ రాని ఏడుపు. సవేరియా ఎదురు కుర్చీలో కూర్చుని, అక్క మోచేతి మీద చెయ్యి వేసి ఉంచింది.

చాలాసేపటికి ఫొర్తునాత ముక్కు తుడుచుకుని, పొద్దుటినుంచి ఏమీ తినలేదంది. సవేరియా లేచి అగ్గిపెట్టె అందుకుంది.

"వద్దు. ఈ ఇంట్లో వెలిగించకూడదు," అంది అక్క.

"నువ్వు వెలిగించకూడదు. నేను కసెర్తాదాన్ని. గిన్నె కూడా నాదే."

ఫొర్తునాత కుర్చీ పక్కకి జరిపి దారి ఇచ్చింది. సవేరియా సొట్ట గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. అడుగు సమంగా లేక గిన్నె ఓ పక్కకి ఒరిగింది. ఇంట్లో ఉన్నవల్లా సేమియా, ఒక ఉల్లిపాయ, నూనె. అవే వేసింది. రెండు పళ్ళేల్లో వడ్డించి, పద్ధతి ప్రకారం అక్క మొదటి చెంచా నోట్లో పెట్టుకునేదాకా తను ముట్టుకోలేదు.

ఫొర్తునాత నోట్లో పెట్టుకుని, నిదానంగా మింగి, "ఉప్పు తక్కువ," అంది.

ఇంకెవరైనా ఆ మాట అంటే సవేరియా జన్మలో వాళ్ళకి వండి పెట్టేది కాదు. లేచి వెళ్ళి ఉప్పు తెచ్చి అక్క పళ్ళెంలో తనే వేసింది.